సంఘ కార్యాలయములో యూజరు ఖాతాలు: లైసెన్సు వ్యయమునకు కళ్లెము

సహకార సంఘమునకు ప్రాణము లెక్క. లెక్కకు ప్రాణము దానిని వ్రాసినవాని పేరు. చేతివ్రాత పుస్తకముల కాలమున చిట్టా ఎవరు వ్రాయుచున్నారో, ఆవర్జా ఎవరు ఎత్తుచున్నారో, ఇనుపపెట్టె తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో గ్రామమున నందఱకును తెలిసియుండెడిది. ఇప్పుడు ఆ పుస్తకములు కంప్యూటరులోనికి మారినవి. కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల అంచనా వ్యయముతో నొక ప్రణాళికను ఆమోదించెను. పిదప ఆ సంఘముల సంఖ్య మఱింత పెరిగినది. సంఘముల లెక్కలను జిల్లా సహకార కేంద్ర బ్యాంకులతోను, రాష్ట్ర సహకార బ్యాంకులతోను, నాబార్డుతోను కలుపు ఉమ్మడి సాఫ్ట్‌వేరు ఈ ప్రణాళికలోని ముఖ్యాంశము.

ఈ ఉమ్మడి సాఫ్ట్‌వేరుగాక, అనేక సంఘములు తమ సొంత ధనముతో మఱికొన్ని సాఫ్ట్‌వేరులను వాడుచున్నవి. ఎరువుల అమ్మకపు లెక్కలకు ఒకటి, ఉత్తరములకును పట్టికలకును ఒకటి, కార్యాలయపు ఈమెయిలునకు ఒకటి. కావున సంఘముల వార్షిక లెక్కలలో "సాఫ్ట్‌వేరు లైసెన్సు రుసుము" అను నొక క్రొత్త పద్దు కనబడుచున్నది. ఈ పద్దు ఏమిటో, అది ఏటేట ఏల పెరుగుచున్నదో, దానిని అదుపులో నుంచుట ఎట్లో సభ్యులకును పాలకవర్గములకును విశదపఱచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

లైసెన్సు అనగా నేమి?

సాఫ్ట్‌వేరును కొంటిమని మనము సామాన్యముగా చెప్పుకొందుము. నిజమునకు మనము కొనునది సాఫ్ట్‌వేరు కాదు. దానిని వాడుకొనుటకు అనుమతి. కౌలునకు తీసికొన్న పొలమును దున్నవచ్చును, పండించవచ్చును. కాని కౌలుపత్రములోని షరతులకు లోబడియే ఆ పని చేయవలెను. లైసెన్సు కూడ అట్టిదే. ఎందఱు వాడవచ్చును, ఎన్ని కంప్యూటరులపై వాడవచ్చును, ఎంతకాలము వాడవచ్చును అను షరతులు దానిలో నుండును.

మన దేశమున 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము కంప్యూటరు ప్రోగ్రామును గ్రంథమువలె సాహిత్యకృతిగానే పరిగణించుచున్నది. న్యాయముగా పొందిన ప్రోగ్రామునకు, పోకుండ దాచుకొనుటకై నకలు తీసికొనవచ్చునని ఆ చట్టమే అనుమతించుచున్నది. కాని దొంగ నకలని తెలిసియు కంప్యూటరుపై వాడినచో, 1994వ సంవత్సరపు సవరణచే చేర్చబడిన 63-బి విభాగము ప్రకారము ఏడు దినములకు తక్కువ కాకుండ మూడు సంవత్సరములవఱకు ఖైదును, 50,000 రూపాయలకు తక్కువ కాకుండ రెండు లక్షలవఱకు జుల్మానాయు విధింపవచ్చును. లాభము కొఱకుగాని వ్యాపారములోగాని వాడలేదని తేలినచో న్యాయస్థానము ఖైదు లేకుండ 50,000 రూపాయలవఱకు జుల్మానాతో సరిపెట్టవచ్చును. అయితే ఎరువులమ్ము సంఘము తాను వ్యాపారము చేయుట లేదని చెప్పుకొనజాలదు గదా!

లెక్కించు పద్ధతులు

లైసెన్సులన్నియు ఒక్క తీరున లెక్కింపబడవు. ఈ భేదము తెలియనిదే పొదుపు సాధ్యము కాదు. ముఖ్యమైన పద్ధతులు నాలుగు.

మొదటిది కంప్యూటరును బట్టి లెక్కించుట. ఒక యంత్రముపై నెలకొల్పిన సాఫ్ట్‌వేరును ఆ యంత్రమునొద్ద కూర్చున్నవా రెవరైనను వాడవచ్చును. మన సంఘములలోను దుకాణములలోను పరిచితమైన టాలీప్రైమ్ సాఫ్ట్‌వేరులో సిల్వరు అను రకము ఒక్క కంప్యూటరునకు. గోల్డు అను రకము ఒకే కార్యాలయములో తీగలతో కలిపిన అనేక కంప్యూటరులకు. గోల్డు రకములో మఱి ఇద్దఱు గుమాస్తాలకు పేర్లిచ్చినను రుసుము పెరుగదు.

రెండవది మనిషిని బట్టి లెక్కించుట. ఆర్టీసీ బస్సుపాసు ఎవరిపేర నున్నదో వారే ఎక్కవలెను. అటులనే ఒక్కొక్క లైసెన్సు ఒక్కొక్క పేరునకు కట్టుబడియుండును. గూగుల్ వర్క్‌స్పేసు, మైక్రోసాఫ్ట్ 365 వంటి ఈమెయిలు, కార్యాలయ సాఫ్ట్‌వేరులు ఈ తరగతికి చెందును. వీనికి ఒక్కొక్క పేరునకు నెలకింత, లేక ఏటికింత అని చెల్లింపు.

మూడవది ఏకకాలమున వాడువారి సంఖ్యను బట్టి లెక్కించుట. సంఘములో మందు కొట్టు స్ప్రేయరులు మూడున్న యెడల, ఇరువదిమంది సభ్యులైనను వంతులవారీగా తీసికొనవచ్చును. ఒకే వేళ ముగ్గురికి మించి దొరకదు. ఇచ్చట పేర్లు ఎన్నియున్నను చిక్కులేదు. పని ముగిసినవాడు సాఫ్ట్‌వేరునుండి వెలికి రాకుండ భోజనమునకు లేచిపోయినచో మాత్రము, తరువాతివానికి త్రోవ దొరకదు.

నాలుగవది ఉచితముగా లభించు సాఫ్ట్‌వేరు. ఉత్తరములు వ్రాయుటకును పట్టికలు కట్టుటకును లిబ్రెఆఫీసు అను సాఫ్ట్‌వేరును ఎన్ని కంప్యూటరులపైనైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చును. తెలుగులో వ్రాయుటకును అది పనికివచ్చును. మూడు ఉత్తరములు వ్రాయుటకై వెలగల లైసెన్సు తీసికొను సంఘము మొదట దీనిని పరీక్షించుట మంచిది.

వ్యయము తెలియకయే పెరుగు విధము

పేరును బట్టి రుసుము చెల్లించు సాఫ్ట్‌వేరులలోనే ధనము ఎక్కువగా వృథాయగుచున్నది. కారణము సులభము. క్రొత్తవాడు పనిలో చేరిన దినమున, పేరు లేనిదే పని జరుగదు గనుక, యూజరు ఖాతా తెఱచువఱకు అందఱును తొందరపడుదురు. వాడు పని మానిన దినమున ఆ ఖాతాను ఎవరును తలపరు. ఏలయన అది అట్లేయుండుటచే ఆనాటి పనికి ఆటంకమేమియు కలుగదు. రుసుము మాత్రము నెలనెలకును పోవుచునే యుండును.

మన సంఘములలో ఇది మఱింత సులభముగా జరుగును. ధాన్యము కొనుగోలు కేంద్రము తెఱచినప్పుడు రెండు మూడు నెలలకు డేటా ఎంట్రీ ఆపరేటరులను తాత్కాలికముగా నియమింతురు. కోతలు ముగియగనే వారు వెడలిపోవుదురు. వారి పేర్లు నిలిచిపోవును. మఱుసటి ఏడు వేఱొకరు వత్తురు. మఱి రెండు పేర్లు చేరును. వీరికి తోడు పదవీ విరమణ చేసినవారును, బదిలీయైనవారును, సాఫ్ట్‌వేరు నేర్పవచ్చినవారు మచ్చునకు తెఱచిన ఖాతాలును కలియును.

ఒక లెక్క చూతము. ఇది ఉదాహరణమునకై ఊహించిన లెక్క. ఒక సంఘములో 14 పేర్లు కలవనియు, పేరొక్కింటికి నెలకు 400 రూపాయలనియు అనుకొందము. వానిలో నిజముగా పనిచేయు పేర్లు 8. తక్కిన ఆఱింటిలో రెండు పోయిన కోతలనాటి ఆపరేటరులవి, ఒకటి విరమించిన కార్యదర్శిది, ఒకటి బదిలీయైన గుమాస్తాది, రెండు మచ్చుపేర్లు. ఈ ఆఱు పేర్లకును నెలకు 2,400, ఏటికి 28,800 రూపాయలు. దీనిపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. చేర్చిన 33,984 రూపాయలగును. సభ్యులకిచ్చు అప్పులపై సంఘమునకు ఏటికి నూటికి రెండు రూపాయలు మిగులుననుకొన్నచో, ఈ సొమ్మును సంపాదించుటకు దాదాపు 17 లక్షల రూపాయల అప్పులిచ్చి, వసూలు చేసికొనవలెను. అంత శ్రమచే వచ్చిన ఫలము కార్యాలయములో లేని ఆఱుగురి పేర్లకు పోవుచున్నదన్నమాట.

ఆపుట వేఱు, విడుదల చేయుట వేఱు

ఇచ్చట నొక ముఖ్యభేదమును గమనింపవలెను. పని మానినవాని ఖాతాను తాత్కాలికముగా ఆపివేసినంతనే రుసుము ఆగునని అనేకులు తలంతురు. అది నిజము కాదు. గూగుల్ వర్క్‌స్పేసులో ఆపివేసిన ఖాతాకును పనిచేయు ఖాతాతో సమానముగనే రుసుము పడును. మైక్రోసాఫ్ట్ 365లో ఒకని ప్రవేశమును నిరోధించినను, ఆ పేరునుండి లైసెన్సును తీసివేయువఱకు అది ఆ పేరుననే యుండును. తీసివేసిన పిదపనైనను, కొన్న లైసెన్సుల మొత్తము సంఖ్యను తగ్గించినగాని బిల్లు తగ్గదు. ఏడాది ఒప్పందముపై తీసికొన్నచో ఆ సంఖ్యను తగ్గించుటకు సామాన్యముగా మరల ఒప్పందము చేసికొను తేదీవఱకు వేచియుండవలెను. కావున ఆ తేదీకి నెలదినములు ముందుగానే పేర్ల నెన్నుకొనుట అవసరము. తేదీ గడచిన పిదప మేల్కొన్నవారికి మఱియొక యేడు దండుగ.

అట్లని తొందరపడి ఖాతాను తుడిచివేయుటయు కూడదు. ఈమెయిలు ఖాతా తుడిచివేసిన పిదప దానిలోని ఉత్తరములు కొలది దినములే తిరిగి లభించును. గూగుల్‌లో 20 దినములు, మైక్రోసాఫ్ట్‌లో 30 దినములు. అటుపిమ్మట బ్యాంకునుండియు శాఖలనుండియు వచ్చిన ఉత్తరములు మరల దొరకవు. ముందు ఉత్తరములను, కాగితములను పదవిలోనికి వచ్చినవారికి మార్చి, అటుపైన తుడువవలెను. లెక్కల సాఫ్ట్‌వేరు సంగతి వేఱు. అందులో పాత పద్దుల ప్రక్కన వ్రాసినవాని పేరు నిలిచియుండుట ఆడిటునకు ఆధారము. అచ్చట పేరును తుడువక, ప్రవేశమును మాత్రము మూసివేయుటయే యుక్తము.

తప్పుడు పొదుపు

లైసెన్సు వ్యయమును తగ్గింపుడనగానే కొన్నిచోట్ల చేయు పని యొకటి కలదు. ముగ్గురు గుమాస్తాలకు ఒకే పేరును, ఒకే పాస్‌వర్డును ఇచ్చి పని నడిపింతురు. మూడు రుసుములకు బదులు ఒక్క రుసుముతో సరిపోయెనని సంతోషింతురు. ఈ పొదుపును మేము గట్టిగా ఖండించుచున్నాము.

మొదటిమాట, మనిషిని బట్టి లెక్కించు లైసెన్సులో ఇది ఒప్పందమునకు విరుద్ధము. రెండవమాట ఇంకను ముఖ్యమైనది. సంఘములో సొమ్ము చెల్లించునప్పుడు ఒకరు పద్దు వ్రాయగా మఱియొకరు సరిచూచి ఆమోదింపవలెనని నియమము. ఒకే పేరు ముగ్గురియొద్ద నున్నప్పుడు వ్రాసినదియు ఆమోదించినదియు ఒకే చేయి కావచ్చును. ఒక సభ్యుని పొదుపు ఖాతానుండి ఆయన యెఱుగకయే సొమ్ము తీసినట్లు పద్దు పడినదనుకొందము. కంప్యూటరు ఒక పేరును చూపును. ఆ పేరుగలవాడు "అది నేను కాదు" అనును. తక్కిన యిద్దఱును అట్లే యందురు. నిర్దోషి అనుమానమున పడును, దోషి తప్పించుకొనును, సభ్యుని సొమ్ము ఎవరు బదులీయవలెనో తేలదు. మూసివేయక మఱచిన పాతవాని ఖాతా విషయమును ఇంతే. తాళపుచెవి తీసికొనకయే కాపలావానిని పంపివేయుటతో అది సమానము.

కావున పేర్లను తగ్గించుట యనగా లేనివారి పేర్లను తీసివేయుట. ఉన్నవారి పేర్లను దాచుట కాదు. ఉన్న ప్రతివానికిని సొంత పేరు, లేని ఎవనికిని పేరు లేకుండుట: ఇది మొదటి సూత్రము. ప్రభుత్వ ప్రణాళికవలన వచ్చిన ఉమ్మడి సాఫ్ట్‌వేరునకును ఈ సూత్రము వర్తించును. అచ్చట పేరునకు రుసుము ప్రశ్న రాకున్నను, సభ్యుల ధనము ఆ పేర్లచేతులలోనే యున్నది.

పట్టిక నిర్వహించు విధము

సభ్యత్వపు రిజిస్టరువలెనే యూజరు ఖాతాల రిజిస్టరు నొకదానిని ప్రతి సంఘమును ఉంచవలెను. ఒక నోటుపుస్తకమైనను చాలును. అందు ఈ క్రింది వరుసలుండవలెను: మనిషి పేరు, పదవి, ఏ సాఫ్ట్‌వేరు, వ్రాయుటకా, ఆమోదించుటకా, చూచుటకు మాత్రమేనా, తెఱచిన తేదీ, ఎవరి ఉత్తరువుపై, చివరిసారి వాడిన తేదీ, మూసిన తేదీ, కాగితములు ఎవరికి అప్పగింపబడినవి. పాస్‌వర్డులను మాత్రము ఈ పుస్తకములో వ్రాయరాదు.

నెలకొకసారి కార్యదర్శియు, పాలకవర్గమునుండి ఒక సభ్యుడును కూర్చుండి మూడు కాగితములను సరిపోల్చవలెను. ఒకటి ఆ నెల జీతముల పట్టిక. రెండవది సాఫ్ట్‌వేరు తానుగా చూపు యూజరుల జాబితా. మూడవది అమ్మకందారు పంపిన బిల్లు. జీతముల పట్టికలో లేక, జాబితాలో నున్న పేరు మొదట విచారింపదగినది. జాబితాలోకంటె బిల్లులో సంఖ్య ఎక్కువయున్నచో అమ్మకందారును అడుగవలెను.

వాడని పేర్లకు గడువు నియమించుకొనుట మంచిది. మేము సూచించునది ఇది: 30 దినములు వాడని పేరును గూర్చి విచారింపవలెను, 60 దినములైనచో ప్రవేశమును ఆపవలెను, 90 దినములైనచో కాగితములను మార్చి లైసెన్సును విడుదల చేయవలెను. పని మానినవారికి ఈ గడువులేవియు లేవు. వారి ప్రవేశము విడుదల ఉత్తరువు అందిన దినముననే మూతపడవలెను. విడుదల ఉత్తరువులోనే "యూజరు ఖాతాలు మూయబడినవి" అను నొక పంక్తిని చేర్చి, కార్యదర్శి సంతకము చేసినచో ఈ పని మఱపునకు రాదు. కొనుగోలు కేంద్రపు తాత్కాలికోద్యోగులకు ఖాతా తెఱచునప్పుడే మూయు తేదీని నిర్ణయింపవలెను. అనేక సాఫ్ట్‌వేరులలో ఆ తేదీన తానుగా మూతపడు ఏర్పాటు కలదు.

చివరిసారి వాడిన తేదీని గ్రుడ్డిగా నమ్మరాదు. పాతవాని ఫోనులో ఈమెయిలు ఇంకను తెఱచియున్నచో, ఎవరును చదువకున్నను ఆ ఖాతా ప్రతిదినము వాడుకలో నున్నట్లే కనబడును. మఱియొక వంక, ఏడాదికొకసారి వచ్చు ఆడిటరు ఖాతాయు, ప్రసూతి సెలవులోనున్న ఉద్యోగిని ఖాతాయు వాడుకలో లేనట్లు కనబడినను మూసివేయదగినవి కావు. వారి పేర్లకెదుట కారణము వ్రాసియుంచవలెను. రాత్రివేళ లెక్కలకు నకలు తీయుపని ఏ గుమాస్తా పేరుననో ఏర్పాటు చేయబడియుండవచ్చును. ఆ పేరును మూసిన నాటినుండి నకళ్లు ఆగిపోవును. కంప్యూటరు చెడిన నాడుగాని ఆ సంగతి బయటపడదు. అట్టి పనులను ముందుగా వేఱొక ఖాతాకు మార్చుకొనవలెను.

ఖాతాలను తెఱచి మూయు అధికారముగల ప్రధానఖాతా ఒక్కనియొద్దనే యుండరాదు. ఆయన జబ్బుపడినచో పని నిలిచిపోవును. తగవుపడి వెడలినచో సంఘమే బయట నిలువవలసివచ్చును. ఇద్దఱి పేర్ల అది యుండుట మేలు. సాఫ్ట్‌వేరు అమ్మినవారియొద్ద మాత్రమే ఆ అధికారమును విడిచిపెట్టుట ఇంటి దస్తావేజులను ఇటుకలమ్మినవానియొద్ద దాచుట వంటిది.

చిన్న సంఘమునకు ఇంత అవసరమా?

మూడు పేర్లున్న సంఘమునకు ఈ రిజిస్టరేల యని కొందఱు అడుగవచ్చును. మూడు పేర్లున్నచోట రిజిస్టరు ఒక పుటలో ముగియును. నెలకు పది నిమిషములు చాలును. మూడింట ఒక పేరు వృథాయైనచో వ్యయములో మూడవవంతు వృథాయైనట్లే. అంతేకాదు, చిన్న సంఘములలోనే ఒకే మనిషి పద్దు వ్రాయుట, ఆమోదించుట, సొమ్ము చెల్లించుట తఱచుగా జరుగును. పెద్ద సంఘములకంటె అట్టిచోట పేర్ల కట్టుబాటు ఎక్కువ అవసరము.

క్రొత్త సాఫ్ట్‌వేరు కొనుటకు ముందు పాలకవర్గము అమ్మకందారునుండి ఈ సంగతులను వ్రాతమూలముగా తీసికొనవలెను. రుసుము కంప్యూటరునకా, పేరునకా, ఏకకాలమున వాడువారికా? ఆపిన ఖాతాకు రుసుము పడునా? నడుమ సంఖ్యను తగ్గింపవచ్చునా, ఏ తేదీన? ఒక పేరునుండి మఱియొక పేరునకు లైసెన్సును మార్చవచ్చునా? ఒప్పందము ముగిసిన పిదప మన లెక్కలు మనకు ఏ రూపమున అందును? ఈ చివరి ప్రశ్నకు తృప్తికరమైన జవాబు రానిచో, ఎంత చౌకయైనను ఆ బేరము మానుకొనుట మంచిది.

సభ్యులు చేయవలసినది

సంఘము రైతులది. కంప్యూటరు ముందు కూర్చుండని సభ్యునికి గూడ ఈ విషయమున అధికారము కలదు. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు నాలుగు ప్రశ్నలు వేయుదురుగాక: మన సంఘములో యూజరు ఖాతాలు ఎన్ని? అందు పనిలోనున్నవారివి ఎన్ని? ఒకే పేరును ఇద్దఱు వాడుచున్నారా? పోయిన యేడు వెడలిపోయినవారి ఖాతాలు ఏ తేదీన మూయబడినవి? ఈ నాలుగింటికిని కాగితము చూపి జవాబు చెప్పగల కార్యదర్శి అభినందనీయుడు. చెప్పలేనిచో, యూజరు ఖాతాల రిజిస్టరును నెలలోపుగా తెఱువవలెనని ఆ సమావేశముననే తీర్మానము చేయించుట సభ్యుల విధి.

మన పెద్దలు చిట్టాలో ఒక్క దమ్మిడీ తేడా వచ్చినను దీపము పెట్టుకొని వెదకిరి. కాగితము పోయి తెర వచ్చినంత మాత్రమున ఆ జాగ్రత్త తగ్గనక్కఱలేదు. లేనివారి పేర్లను తీసివేసి, ఉన్నవారి పేర్లను నిలిపినచో సంఘపు సొమ్ము సంఘమునకు మిగులును, సభ్యుల నమ్మకము సంఘముపై నిలుచును.